కిందికి దించిన పిడికిలి

సువార్తమ్మ ఫుట్‌బాల్ ఆటను కంటితో చూడకముందే ఎనిమిదేండ్లు దాని మీద పానం పెట్టుకొని బతికింది. ఎట్లనో చెప్పాలంటే ముందు ఆ రైలు గేటు సంగతి చెప్పాలె.

మౌలాలి స్టేషన్ దాటినంక, నాచారం పోయే బండ్లబాటకు అడ్డంగా ఉండేదా గేటు. గేటును ఆనుకొని ఒక్క అర్ర క్వార్టరు, ముందట చేదబావి, వెనుక రెండు జామచెట్లు. సువార్తమ్మ పెనిమిటి దేవసహాయం అక్కడ గేట్‌మన్. జనగామ దిక్కు పల్లె విడిచి యాభై ఏడులో వాళ్ళు ఆ క్వార్టరుకు వచ్చిన్రు. అప్పుడు ఉప్పల్ అంటే జొన్నచేన్లు. నాచారం అంటే చెరువు, చెరువు పక్కన నాలుగు ఇండ్లు. ఫ్యాక్టరీల గోడలు అప్పుడప్పుడే లేస్తున్నయి.

మొగడు పెండ్లాలతో పాటు ఆ అర్రలోకి ఇంకొకడు కూడా వచ్చిండు. సువార్తమ్మ తమ్ముడు అబ్రహాం. వాడు పుట్టిన మూడోనాడే తల్లి పోతే, తొమ్మిదేండ్ల సువార్తమ్మ వాన్ని చంకనేసుకొని పెంచింది. పెండ్లయి అత్తగారింటికి పోయేటప్పుడు బట్టల మూట ఒక చంకన, వాడు ఒక చంకన. దేవసహాయం ఏమనలేదు. మంచి మనిషే. కాకపోతే రైలు కొలువు చేసీ చేసీ ఆయనకు ఇంట్లో కూడా అన్నీ రూళ్ళే అయినయి. చెంబు ఉండే చోట చెంబే ఉండాలె, చెప్పులు ఉండే చోట చెప్పులే ఉండాలె.

అబ్రహాంకు పద్దెనిమిదేండ్లు నిండంగనే దేవసహాయం నలుగురిని బతిమిలాడి, పట్టాలు బాగుచేసే గ్యాంగులో పని పెట్టిచ్చిండు. కానీ ఆ పిలగాని చేతులు పలుగు పట్టే చేతులు కావు, బంతి పట్టే చేతులు. కాళ్ళతో ఆడే ఆటలో చేతులేందని అనుకునేరు. గోల్ కాడ నిలబడేటోనికి చేతులే ఆట.

యాభై ఎనిమిది వానకాలంలో ఒకనాడు గ్యాంగు పని ఎగ్గొట్టి సికింద్రాబాద్‌లో మ్యాచ్ ఆడ పోయిండు. మేస్త్రీ గేటు కాడికొచ్చి పదిమంది ముందట దేవసహాయాన్ని నోటికొచ్చినట్టు కడిగిండు. సాయంత్రం అబ్రహాం మోకాళ్ళ నిండ మట్టితో, మొహం నిండ నవ్వుతో ఇంటికొచ్చిండు.

"నవ్వుతున్నవా?" అన్నడు దేవసహాయం. "నీ మూలాన ఇయ్యాల నా తలకాయ నేలల పాతినంత పనైంది. చెప్పు, పని గావాల్నా, బంతి గావాల్నా?"

"బంతాటోళ్ళకు రైల్వే వర్క్‌షాపుల పనిస్తరట బావా. నన్ను టీములకు తీసుకుంటమన్నరు."

"ఇస్తరు, ఇస్తరు. కాలు విరిగిన నాడు చేతికి కట్టె గూడ ఇస్తరు."

"కప్పు గొట్టుకొస్త జూడు."

"కప్పా? తెచ్చి నా గడపల పెట్టు, అప్పుడు మాట్లాడు. అందాక ఈ ఇంట్ల బంతి ముచ్చట రావొద్దు."

అబ్రహాంది చిన్నప్పటినుంచీ ఒకటే గుణం. ఎవరు మాట విసిరినా దాన్ని కింద పడనియ్యడు. "మంచిది బావా. కప్పు తెచ్చి నీ గడపల పెట్టిన నాడే ఈ ఇంట్ల కాలు వెడ్త," అని రెండంగీలు గుడ్డసంచిలో వేసుకొని పట్టాల వెంబడే నడిచిపోయిండు. సువార్తమ్మ జామచెట్టు దాకా ఉరికి, "అన్నం తినన్న పోరా," అన్నది. వాడు తిరిగి చూడలేదు. తిరిగి చూస్తే పోలేడు, అందుకని.

వాడు చెప్పినట్టే వర్క్‌షాపులో పని దొరికింది, టీములో చోటు దొరికింది. ఉన్నది నాలుగు మైళ్ళ దూరమే. కానీ ఏడాదికొక్కసారి, క్రిస్మస్ నాడు చర్చిలో కనపడేటోడు. అక్క కట్టి తెచ్చిన గారెలు అక్కడనే నిలబడి తినేటోడు. ఇంటికి రారా అంటే, "కప్పు రానీ అక్కా," అనేటోడు. ఆ కప్పు పోటీ ఏటా వానకాలం ఆఖరుకు వచ్చేది. వర్క్‌షాపు టీము ఏటా ఏదో ఒక మెట్టు మీద జారేది. పోయి చూద్దామంటే ఆడోళ్ళు బంతాట మైదానానికి పోయే రోజులా అవి? పేపర్లో పడుతదంటే, ఆ గేటు కాడికి పేపరెవరు తెస్తరు? రేడియో అన్నది ఉప్పల్‌లో దొరసాని ఇంట్లో ఒకటున్నదని విన్నది, అంతే.

వాడు ఇల్లు విడిచిన మరుసటేడు ఆగస్టులో ఒకనాటి పొద్దుగూకే యాళ, సిగ్నల్ పడక కాజీపేట పాసింజరు గేటు మీదనే ఆగిపోయింది. ఆఖరి డబ్బా సరిగ్గా చేదబావికి ఎదురుంగ నిలిచింది. తెల్లబట్టల గార్డు కిందికి దిగి మంచినీళ్ళడిగిండు.

"మేము కిరస్తానపోళ్ళం సార్," అన్నది సువార్తమ్మ, ముందే చెప్తే మంచిదని.

"నేను దాహం వేసినవాణ్ణమ్మా, పొయ్యండి," అని ఆయన దోసిలి పట్టిండు.

ఆయన పేరు వెంకటరామయ్య, బెజవాడ మనిషి. నీళ్ళు తాగి మూతి తుడుచుకున్నడు. ఎవరితోనన్నా చెప్పకపోతే నిలవలేనట్టు ఉన్నడేమో, అడగకుండనే మొదలుపెట్టిండు. "ఈ పూట ఏం మ్యాచ్ అమ్మా అది! డ్యూటీకొచ్చే ముందు చూసొచ్చాను. వర్క్‌షాపు గోల్‌కీపర్ ఉన్నాడే, చిన్న కుర్రాడు, అటు దూకి ఇటు దూకి మూడు గోల్స్ ఆపేశాడు!"

సువార్తమ్మ చేతిలోని చెంబు గట్టు మీద పడ్డది. "అబ్రహామా సార్?"

"అబ్రహామే. మీకెలా తెలుసు?"

"నా తమ్ముడు సార్. నేను పెంచిన పోరడు. దూకినప్పుడు దెబ్బ గిట్ల తాకిందా? సన్నగయిండా? మీద అంగీ మంచిగున్నదా? పండ్లు ఇకిలిస్తుండా, మూతి ముడుసుకున్నడా?"

ఆయన దేనికని జవాబు చెప్తడు? ఇంతలో సిగ్నల్ పడ్డది, ఇంజను కూతేసింది. వెంకటరామయ్య డబ్బా ఎక్కుతూ ఆమె మొహం చూసిండు. ఏం తోచిందో ఏమో, అరిచి చెప్పిండు. "రోజూ ఇక్కడ ఆగదు కదమ్మా బండి! మ్యాచ్ ఉన్నరోజు వేళ్ళతో చూపిస్తాలే. మనవాళ్ళు కొట్టినవి చెయ్యి పైకెత్తి చూపిస్తా. అవతలివాళ్ళు కొట్టినవి కిందికి దించి చూపిస్తా. ఏమీ లేకపోతే పిడికిలి!"

అట్ల మొదలైంది. గేటు దాటేటప్పుడు గార్డు పచ్చజెండా చూపాలె, గేట్‌మన్ కూడా చూపాలె, అన్నీ మంచిగున్నయని. అది రూలు. వెంకటరామయ్య ఒక చెయ్యి జెండాకు, రెండో చెయ్యి సువార్తమ్మకు. తనకు మ్యాచ్ చూడ వీలుకాని నాడు కూడా సికింద్రాబాద్ ప్లాట్‌ఫారం మీద చాయ్ అమ్మేటోన్ని అడిగి స్కోరు మోసుకొచ్చేటోడు. బండి ఊపు మీద ఉంటే ఆ చెయ్యి కనపడేది రెప్పపాటు, రెండు రెప్పపాట్లు. సువార్తమ్మ మాత్రం మధ్యాహ్నం నుంచే దాని కోసం తయారయ్యేది. పొయ్యి ముందట కూసున్నా చెవి పట్టాల మీదనే.

ముచ్చట చెప్పకుంటే ఆగుతదా? ఫ్యాక్టరీల షిఫ్టు దిగి సైకిళ్ళ మీద వచ్చేటోళ్ళు ఆ పాసింజరుకే గేటు కాడ ఆగేది. ఒకరికి తెలిసి పదిమందికి తెలిసి, ఆఖరుకు గేటు తీసినా కదలకుండా, "అక్కా, ఎంత?" అని అడిగి పోయేటోళ్ళయిన్రు. సువార్తమ్మ చెప్పిన స్కోరు అరగంటలో నాచారం దాటి ఉప్పల్ హోటళ్ళ దాకా పోయేది. ఉప్పల్ నుంచి పాలు తెచ్చే శాంతాబాయికి ఇదంత నవ్వులాట.

"సువార్తక్కా, పెనిమిటి దిక్కు ఎన్నడన్న గింత ఆశతోని జూసినవా, ఆ గార్డు చెయ్యి దిక్కు జూసినట్టు?"

"నోరు ముయ్యి శాంతాబాయీ. నీ క్యాన్ల సగం మా బాయి నీళ్ళేనని జెప్తే నీ గిరాకీ ఏమైతదో జూడు."

సైకిలోళ్ళందరు పైకి లేచే చెయ్యి కోసం చూసేటోళ్ళు. రెండు వేళ్ళు లేస్తే చాలు, కేకలు, గంటలు. సువార్తమ్మ ఒక్కతే ఆ కేకల్లో కలిసేది కాదు. ఆమెకు కావలసింది కిందికి దిగే చెయ్యి. కిందికి దిగిన ఒక్కొక్క వేలు ఆమె తమ్మున్ని దాటిపోయిన బంతి. వేళ్ళు తెరుచుకొని దిగితే, వాడు ఈ పూట అన్నం సరిగ్గా తినడు అనుకునేది. పిడికిలి దిగితే, ఎవరికీ కనపడకుండా తను కూడా కొంగు చాటున పిడికిలి బిగించేది. చిన్నప్పుడు చీకట్లో వాడు ఆమె చూపుడువేలు పట్టుకొని పండుకున్నట్టు ఉండేది.

దేవసహాయం? ఆయన పట్టాలకు అవతలి దిక్కున పచ్చజెండా పట్టుకొని, చక్రాల మీద చూపు పెట్టి, నిలబెట్టిన రాయి లెక్క ఉండేటోడు. ఒక్క మాట అడగలేదు, ఒక్క మాట చెప్పలేదు.

ఏడేండ్లు గడిచినయి. అరవై ఆరులో వర్క్‌షాపు టీము మెట్లన్నీ ఎక్కి కప్పు ఫైనలుకు వచ్చింది. అబ్రహాంకు ఇరవై ఏడు నిండినయి. మోకాలు ఒకటి పొద్దున లేస్తే పట్టేస్తదని క్రిస్మస్ నాడు వాని నడకలోనే కనిపెట్టింది సువార్తమ్మ. ఈసారి కాకపోతే ఇంక లేదని ఆమెకు తెలుసు.

ఫైనలు ముందటి గురువారం పాసింజరు మళ్ళీ సిగ్నల్ పడక ఆగింది. ఆమె కంకర మీద ఉరికింది.

"గార్డుసారూ, పొద్దు తొందరగ గూకుతున్నది. మొన్న మబ్బుల మీరు సూపినయి రెండు వేళ్ళో మూడు వేళ్ళో ఏర్పడలే. శెనారం నాకు వేళ్ళు వద్దు. గెలిస్తే రెండు చేతులూ పైకెత్తుండ్రి. గంతే చాలు."

"ఎత్తేస్తానమ్మా! గెలిస్తే రెండు చేతులూ ఎత్తేస్తా!" అన్నడు వెంకటరామయ్య నవ్వుకుంట.

రెండు చేతులెత్తుడంటే రైలోళ్ళ లెక్కలో ఏందో అడిగినామెకు తెలియదు. ఒప్పుకున్నాయనకు తెలుసు, కానీ ఆ గడియకు మతిలో లేదు.

శనివారం పొద్దున్నే సువార్తమ్మ మినపపప్పు నానబోసింది. "ఏం పండుగ?" అన్నడు దేవసహాయం. "పండుగైతేనే తినాల్నా," అన్నది. ఆయన పప్పు గిన్నె దిక్కు చూసిండు, ఆమె దిక్కు చూసిండు, జెండాలు తీసుకొని బయటికి పోయిండు.

సాయంత్రం గేటు కాడ సైకిళ్ళు కిక్కిరిసినయి. శాంతాబాయి కూడా క్యాన్లు దించి నిలబడ్డది. పాసింజరు కూత వినపడ్డది. ఇంజను పోయింది, డబ్బాలు ఒకటెనుక ఒకటి పోయినయి. ఆఖరుకు గార్డు డబ్బా. వెంకటరామయ్య తలుపు నిండ నిలబడ్డడు. చేతిలో జెండా లేదు. రెండు చేతులూ తల మీదికెత్తి, అందినంత పైకెత్తి ఊపుతున్నడు.

"గెలిచిన్రో!" అని సైకిలోళ్ళు ఎగిరిన్రు. సువార్తమ్మ కండ్ల నిండ నీళ్ళు. కొంగుతో తుడుచుకొని చూసేసరికి, పట్టాల అవతల దేవసహాయం లేడు. ఎర్రజెండా చేత పట్టుకొని రెండో లైను వెంబడి ఘట్‌కేసర్ దిక్కు ఉరుకుతున్నడు.

లోకంలో ఎవరు రెండు చేతులెత్తినా సంతోషమే. రైలోళ్ళకు మాత్రం కాదు. జెండా లేని చేతులు రెండూ తల మీదికి లేస్తే, ప్రమాదం ఉన్నది, బండి ఆపమని. గార్డు నుంచి గేట్‌మన్ దాకా అందరు నేర్చుకునే మొదటి పాఠమది. సువార్తమ్మకు ఆ పాఠం ఎవరు చెప్పిన్రు?

గేటు కాడ అప్పటికి ఫోను లేదు. అవతలి లైన్లో గూడ్సు వచ్చే టైము. దేవసహాయం పట్టా మీద పటాకాలు బిగించిండు. చక్రం ఎక్కితే పేలి డ్రైవరును లేపే రేకు బిళ్ళలవి. ధన్, ధన్, ధన్ అని మూడు పేలినయి. గూడ్సు చెవులు చిల్లులు పడేటట్టు కీచుమని, ఎర్రజెండాకు పది గజాల దూరంలో ఆగింది.

అటు దిక్కు గార్డు బ్రేకుతో పాసింజరు కూడా ఆగింది. ఎర్రజెండా ఉరుకుడు చూసినంక వెంకటరామయ్యకు తానేం చేసిండో తెలిసింది. కంకర మీద పడుకుంట లేచుకుంట వెనక్కి ఉరికొచ్చిండు. నెత్తి మీద టోపీ లేదు.

"తప్పు నాది దేవసహాయం, తప్పు నాది! ఏ ప్రమాదమూ లేదు. మ్యాచ్ గెలిచారయ్యా... కప్పు... ఒళ్ళు తెలియక చేతులెత్తేశాను."

"లైను సాఫ్ ఉన్నదా సార్?" అని ఒక్కటే అడిగిండు దేవసహాయం.

"సాఫ్‌గానే ఉంది."

దేవసహాయం ఎర్రజెండా చుట్టి చంకలో పెట్టుకున్నడు. గూడ్సు డ్రైవరు ఇంజను మీదినుంచి తిట్ల వాన కురిపిస్తున్నడు. సువార్తమ్మ వెంకటరామయ్య దిక్కు రెండడుగులు వేసింది. కిందికి ఎన్ని సార్, అని అడగాలని నోటి దాకా వచ్చింది. ఆయన రెండు చేతులూ వీపు వెనుక దాచుకున్నడు. అది చూసి మాట మింగింది. ఆయన ఆమె దిక్కు చూసి తల వంచుకొని, వచ్చిన బాటనే తిరిగి పోయిండు.

ఆ దినం గేటు తీసినప్పుడు ఒక్క సైకిల్ గంట కూడా మోగలేదు.

అన్నాల యాళకు సువార్తమ్మ ఆగలేక చెప్పేసింది. "నేనే అయ్యా. గెలిస్తే రెండు చేతులెత్తమని గార్డుసారుకు నేనే చెప్పిన."

"తెలుసు," అన్నడు దేవసహాయం, కాళ్ళ మీద నీళ్ళు పోసుకుంట.

"ఏం తెలుసు?"

"ఏడేండ్ల సంది నీకు ఎదురుంగనే నిలబడ్డ కద. నా కండ్లు గుడ్డియి అనుకున్నవా? పైకి మనయి, కిందికి వాళ్ళయి. పిడికిలి దిగిన నాడు కూరల ఉప్పు సరిగ్గ పడుతది. వేళ్ళు దిగిన నాడు అయితే సప్పగ, లేకుంటే సముద్రం."

సువార్తమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "అన్ని తెలిసి బండెందుకు ఆపినవయ్యా మరి? ఇయ్యాల కప్పు దినమని తెల్వదా?"

"తెలుసు. గెలుపే అనిపిచ్చింది నాకు గూడ. కాకపోతే? గూడ్సు డ్రైవరుకు ఇంట్ల పిల్లలుంటరు. అనిపిచ్చుడు మీద బండిని పోనియ్యరాదు సువార్తా."

ఆదివారం పొద్దున అబ్రహాం వచ్చిండు. సైకిల్ క్యారియర్ మీద తువ్వాల చుట్టిన కప్పు. ఒక్కొక్క ఆటగాని ఇంట్లో ఒక్కొక్క దినం ఉంచుకోనిచ్చిన్రట. గడప ముందట వంగి, తువ్వాల విప్పి, కప్పును గడపలో పెట్టి, చేతులు కట్టుకొని నిలబడ్డడు. ఎనిమిదేండ్లకు ఆ వాకిట్లో.

దేవసహాయం వంగి చూసిండు. "గింతేనా? గంగాళమంత ఉంటదనుకున్న."

"వెండిది బావా."

"ఏదైతేంది, లోపలికి తీస్కరా. గడపల పెడితే ఎవరన్న కాలు తాకిస్తరు."

అంతే. ఎనిమిదేండ్ల పంతం ఆ ఒక్క మాటతోని ఒడిసింది. నానబోసిన పప్పు పులిసిపోయింది. ఆ పుల్లటి గారెలే అబ్రహాం వద్దనకుండా తిన్నడు. తినుకుంట చెప్పిండు, "మావోళ్ళు ఒకటి గొట్టిన్రు. నేను ఒక్కటి పోనియ్యలేదక్కా."

ఒకటి, సున్న. సువార్తమ్మ విన్నది, వాని తల నిమిరింది. అయినా చూపు తలుపులోంచి పట్టాల దిక్కు పోయింది. ఏడేండ్ల అలవాటు. చెయ్యి కిందికి దిగితే గానీ, గోల్ పోలేదంటే ఆమె లోపలి మనసు ఒప్పుకోదు. ఆ ఒక్క మ్యాచ్‌కే ఆమెకు కింది చెయ్యి అందలేదు.

మంగళవారం ఇన్‌స్పెక్టర్ చిదంబరం ట్రాలీ మీద విచారణకు వచ్చిండు. తప్పు తనదని చెప్పాలని సువార్తమ్మ మంచి చీర కట్టుకొని తయారుగా ఉన్నది. అవసరం పడలేదు. వెంకటరామయ్య అప్పటికే కాయితం రాసిచ్చిండు, సంతోషం పట్టలేక తానే చేతులెత్తినని. ఆమె పేరు అందులో ఎక్కడా లేదు. నెల తిరగకముందే ఆయన్ను పాసింజరు మీదినుంచి తీసి, డోర్నకల్ దిక్కు గూడ్సు బండ్లకు వేసిన్రు. దేవసహాయానికి మాత్రం, పని సరిగ్గా చేసిండని మెచ్చుకుంట ఒక కాయితం వచ్చింది. ఆయన దాన్ని ఒక్కసారి చదివి, మడిచి, బియ్యం డబ్బా కింద పెట్టిండు. ఆ ఇంట్లో దాన్ని మళ్ళీ ఎవరూ బయటికి తీయలేదు.

మరుసటి వానకాలం అబ్రహాం అక్కను మ్యాచ్‌కు తీసుకపోయిండు. "ఆడోళ్ళు రారని ఎవరన్నరు, నువ్వు నడువక్కా," అని. వేలమంది మొగోళ్ళ నడుమ సువార్తమ్మ కొంగు కప్పుకొని కూసున్నది. తమ్ముడు ఎంత పొడుగైండో అప్పుడు చూసింది. కానీ బంతి గోల్ దిక్కు రాంగనే ఆమెకు కండ్లు మూతపడేవి. పక్కన కూసున్న పెద్దాయన్ని, "పోయిందా అన్నా? పోయిందా?" అని అడుగుడే. ఆయన విసిగి, "నీ కండ్లు నా దగ్గర తాకట్టు పెట్టినవా చెల్లే?" అన్నడు. ఇంటికొచ్చినంక దేవసహాయం, "ఎట్లున్నది?" అని అడిగితే, "మంచిగనే ఉన్నది. కని అంతసేపు భయపడాలె," అన్నది. మళ్ళీ పోలేదు. ఆ తరువాతి ఏడు అబ్రహాం మోకాలు పూర్తిగా మొండికేసింది. ఆట విడిచి, నాచారంలోనే ఫ్యాక్టరీ పనికి కుదిరి, పెండ్లి చేసుకొని, గేటుకు అర మైలులో కాపురం పెట్టిండు.

గేటు కాడ ఫోను పెట్టిన్రు. చెయ్యితో తిప్పితే స్టేషన్ మాస్టర్ పలుకుతడు. బొగ్గింజన్ల నడుమ డీజిల్ ఇంజన్లు రావట్టినయి. అరవై తొమ్మిదిలో అబ్రహాం తోలు సంచి తొడిగిన ట్రాన్సిస్టర్ కొన్నడు. ప్రతి ఆదివారం తెచ్చి అక్క ముందట పెట్టేటోడు. ఎక్కడో మద్రాసులో, ఎక్కడో సముద్రాల అవతల ఆడే క్రికెట్టు ఆమె అర్రలో వినపడేది. ఆమెకు అది తెలుసుకోవాలని మస్తు ఆశ. "వాడు పొద్దుందాక బంతేసినా ఎవడూ ఓడిపోడేందిరా?" అని అడిగేది. అబ్రహాం ఓపికతో చెప్పేటోడు. చెప్పుకుంట చెప్పుకుంట వాడే అందులో పడ్డడు. ఫుట్‌బాల్ మాట తగ్గింది.

"దీంట్ల మన వర్క్‌షాపు ఆట రాదారా?" అని ఒకనాడు అడిగింది.

"అది దేశం ఆటలే చెప్తదక్కా. మన సికింద్రాబాద్ ఆట ఎవరిక్కావాలె?"

సైకిలోళ్ళు మారిన్రు. ఇప్పుడు హ్యాండిలుకు ట్రాన్సిస్టర్ తగిలించుకొని వచ్చేది. గేటు పడ్డా ఎవరూ ఎటూ చూసేది లేదు, అందరి తలలు ఒక పక్కకు వంగి ఆ డబ్బా మీదనే. "అక్కా, ఎంత?" అని అడిగేటోడు ఒక్కడు లేడు. శాంతాబాయి నెత్తి నెరిసినా నోరు మాత్రం నెరవలేదు.

"సువార్తక్కా, నీ దుకాణం బంద్ అయింది గద!"

"అయింది," అన్నది సువార్తమ్మ. శాంతాబాయికి ఆమెను చూస్తే పాపమనిపించి, ఆ దినం గ్లాసెడు పాలు ఊరికెనే పోసి పోయింది.

పాసింజరు వచ్చే టైముకు మాత్రం ఆమె బావి కాడికి పోయి నిలబడేది. పనేం లేదు. కొత్త గార్డులు, మంచోళ్ళే. రూలు ప్రకారం పచ్చజెండా చూపేటోళ్ళు. ఆమె కండ్లు జెండా లేని చెయ్యి మీద పడేవి. ఆ చెయ్యి ఊరికెనే తలుపును పట్టుకొని ఉండేది. తమ్ముడు ఇంట్లో ఉన్నడు, వాని పిల్లలు జామచెట్టు మీద ఉన్నరు, కోరుకున్నదంత వచ్చింది. మరి ఇంకేం కావాలె అని తనను తానే అడిగేది. జవాబు తెలుసు. తనకోసం నలుగురినడిగి, నాలుగు మైళ్ళు మోసుకొచ్చి, రెప్పపాటులో ఇచ్చిపోయిన ఆ చెయ్యి కావాలె. రేడియో అందరికీ చెప్తది. ఆ చెయ్యి తనకొక్కదానికే చెప్పేది. అది పోయింది కూడా తన మూలాన్నే.

డెబ్బై నాలుగు ఎండకాలం, ఆదివారం, మధ్యాహ్నం మూడు దాటింది. అబ్రహాం అరుగు మీద ట్రాన్సిస్టర్ చెవికి పెట్టుకొని ఉన్నడు. కాజీపేట దిక్కు నుంచి గూడ్సు ఒకటి నెమ్మదిగా వస్తున్నది. దేవసహాయం గేటు వేసి, జెండా పట్టుకొని పట్టాల అవతల నిలబడ్డడు. సువార్తమ్మ బావిలో చేద వేస్తున్నది. గూడ్సు దిక్కు ఆమె ఎన్నడూ చూడదు. ఎందుకు చూసిందో ఆ దినం చూసింది.

గూడ్సు ఆఖరి డబ్బాకు చిన్న వసారా ఉంటది. ఆ వసారాలో ముసలి గార్డు ఒకాయన. నెత్తి ముగ్గుబుట్ట అయింది. ఒక చేతిలో పచ్చజెండా. బావి దగ్గరికి రాంగనే ఆయన కటకటాల మీదికి వంగిండు. సువార్తమ్మ చేదతాడు విడిచింది. వెంకటరామయ్య.

ఆయన జెండా లేని చెయ్యి పైకెత్తిండు. ఒక్క వేలు. తరువాత ఆ చెయ్యి నెమ్మదిగా, ఎంతో నెమ్మదిగా కిందికి దించిండు. పిడికిలి.

ఎనిమిదేండ్ల కిందటి మ్యాచ్.

"ఎవరక్కా అది?" అన్నడు అబ్రహాం అరుగు మీదినుంచి, చెవి తీయకుండనే.

సువార్తమ్మకు వినపడలేదు. ఆమె రెండు చేతులూ వాటంతటవే భుజాల దాకా లేచినయి. అప్పుడు పట్టాల అవతల దేవసహాయం కనపడ్డడు, జెండా పట్టుకొని, ఆమె చేతుల దిక్కే చూసుకుంట. ఆమె గబుక్కున చేతులు దించింది. రెండింటినీ కొంగులో చుట్టి కడుపుకు అదుముకుంది. గూడ్సు మౌలాలి మలుపు తిరిగి, ఆ తెల్లటి తల చుక్కంతయి, మాయమయ్యేదాకా, కొంగులో పిడికిళ్ళు బిగించుకొని అట్లనే నిలబడ్డది.